కొబ్బరి రాశి దగ్గర నేనన్న మాట

దేశంలో వైద్యం ఎలా ఉండాలన్న సంగతి మా కొబ్బరి రాశి దగ్గర తేలినంత వివరంగా ఢిల్లీలో కూడా తేలి ఉండదు. గొప్పకి చెప్పడం లేదు, ఒళ్ళు మండి చెబుతున్నాను. దాదాపు పదేళ్ళపాటు ఆ చర్చలో అందరికంటే గట్టిగా అరిచినవాణ్ణి నేనే.

కొత్తపేటకి నాలుగైదు మైళ్ళ దూరంలో ఒక ఊళ్ళో, కొబ్బరి షావుకారుగారి దగ్గర గుమాస్తాగా పనిచేసేవాణ్ణి. రోడ్డు పక్కన ఒక తాటాకు పాక, దాని ముందు ఖాళీ స్థలం, ఆ స్థలం మధ్యలో కాయల రాశి. రాశి చుట్టూ ఏడెనిమిది మంది ఒలుపువాళ్ళు నేలలో పాతిన గునపాల మీద కాయ గుచ్చి పీచు తీస్తూ రోజంతా నిలబడే ఉండేవారు. ఆ పనికి చేతులు కావాలి గాని చెవులు అక్కర్లేదు. అందుకని పేపరు రాగానే గుమాస్తా దాన్ని పైకి చదివి వినిపించాలి. నేను చేరకముందు నుంచీ ఆ కొట్లో ఉన్న పద్ధతి అది. నాకు ముందున్నాయన వార్త చదివి ఊరుకునేవాడట. నేను వార్త చదివి, అందులో తప్పేమిటో కూడా చెప్పేవాణ్ణి. ఒలుపువాళ్ళకి ఆ రెండోదే బాగుండేది.

తొంభైల్లో ఆ పేపరు నిండా సంస్కరణలే. సర్కారు ఆస్పత్రిలో చీటీకి రుసుము పెట్టాలని ఒకరు, ఆస్పత్రుల్ని ఏకంగా ప్రైవేటువాళ్ళకి అప్పగించాలని ఇంకొకరు, బీదవాళ్ళందరికీ బీమా చేయిస్తే పోతుందని మరొకరు. అక్కడ వాళ్ళు మాట్లాడుకోవడం, ఇక్కడ మేం కొట్టుకోవడం. షావుకారుగారు పాకలో పడక్కుర్చీలో కూర్చుని, వచ్చిన ప్రతి సంస్కరణనీ వెనకేసుకొచ్చేవారు.

“సర్కారు వల్ల ఏవవుద్దండి గుమాస్తాగారూ? సొమ్ము వాళ్ళిచ్చేసి, వైద్యం ప్రైవేటువాళ్ళ చేత చేయించెయ్యాలండి. ఆయ్.”

“తమరు పెద్దవారు, ఎదురు చెప్పకూడదు గానండీ, తమరన్నది శుద్ధ తప్పండి. పది ఊళ్ళకో మంచి ఆస్పత్రి కట్టి, డాక్టరు చేత అక్కడే కాపరం పెట్టిస్తే ఈ గొడవే ఉండదండి.”

“ఏ డాక్టరు కాపరం ఉంటాడండి మన ఊళ్ళో?”

“ఉండేలా చెయ్యాలి గదండీ మరి!”

మా వైపు చివర ఒక అండీ తగిలిస్తే ఎంత మాటైనా అనెయ్యొచ్చు. ఆయన నాకు జీతమిచ్చే మనిషన్న సంగతి ఆ కాసేపూ ఇద్దరికీ గుర్తుండేది కాదు. మధ్యాహ్నమయ్యేసరికి నా గొంతు బొంగురుపోయేది. ఒలుపువాళ్ళు మాత్రం ఒక్క కాయ తక్కువ ఒలిచేవారు కాదు.

ఇంత మాట్లాడామా, మా ఊరి సర్కారు ఆస్పత్రి మొహం ఒక్కడూ చూసిన పాపాన పోలేదు. డాక్టరుగారు వారానికి రెండు రోజులు వచ్చేవారు. ఆ రెండు రోజులూ ఏవో ఎవరికీ తెలిసేది కాదు. వానొస్తే మందుల గది కారేది. ఒక అర్జీ రాసి, నలుగురం సంతకాలు పెట్టి, అమలాపురం బస్సెక్కి పై అధికారి చేతిలో పెడితే ఆ పెంకులైనా మార్చేవారేమో. పదేళ్ళలో ఆ ఒక్క అర్జీ రాయడానికి మాకు తీరిక దొరకలేదు. దేశాన్ని బాగుచేసే పనిలో ఉన్నాం కదా!

రాశికి వెనకే మా ఇల్లు. మధ్యన కొబ్బరాకుల దడి. ఇంట్లో నేనూ, మా ఆవిడా కాక మా నాన్నగారి అక్క మాతోనే ఉండేది. పెళ్ళయిన మూడేళ్ళకే భర్త పోతే పుట్టింటికి వచ్చేసింది. మా అమ్మ పోయాక నన్ను పెంచింది ఆవిడే. నేను పదో తరగతి తప్పినప్పుడు నాన్నగారు కర్ర తీస్తే అడ్డం పడిందీ ఆవిడే. నేను రాశి దగ్గర మాట్లాడుతూంటే, అత్త దడి ఇవతల పీట వేసుకుని, బియ్యంలో రాళ్ళేరుతూ వినేది. సగం అర్థమయ్యేది కాదు. అయినా ఇంటికొచ్చిన ప్రతివాళ్ళతోనూ, “మావోడు నోరిప్పితే షావుకారుగారంతటోరు కూడా ఆగి వినాల్సిందేనండీ” అని చెప్పుకునేది. నేను వద్దని కసురుకునేవాణ్ణి గాని, వినడానికి బాగానే ఉండేది.

ఆవిడకి ఏభై దాటాక ఆయాసం మొదలైంది. కాలవ గట్టు మీదకి బిందెతో ఎక్కుతూ మధ్యలో నిలబడిపోయేది. ఏమిటంటే, “ఏం లేదురా, ఎండ” అనేది. వానాకాలంలో కూడా ఎండే! సైకిల్ మీద వచ్చే మా ఊరి ఆర్.ఎం.పీ. డాక్టరు నీరసమని రెండేళ్ళు సూదులు పొడిచాడు. చివరికి నేనే విసిగిపోయి కాకినాడ తీసుకెళ్ళాను. అక్కడి డాక్టరు, చిన్నప్పుడెప్పుడో కీళ్ళ జ్వరం వచ్చి ఉంటుందనీ, దానివల్ల గుండెలో ఒక కవాటం బిగుసుకుపోయిందనీ చెప్పాడు. ఆపరేషన్ చేసి దాన్ని మార్చాలి, మందులతో కొన్నాళ్ళు నెట్టుకురావచ్చు గాని ఎల్లకాలం కుదరదు అన్నాడు. ఆపరేషన్‌కి ఎంతవుతుందో విన్నాక, మా ఇల్లు అమ్మినా అందులో సగానికి రాదని తెలిసింది. పరీక్షల కాగితాలన్నీ ఒక పెద్ద కవరులో పెట్టి ఇచ్చారు. అది తెచ్చి బీరువా మీద పెట్టుకున్నాం. ఆ రోజు నుంచీ మా ఇంట్లో ఒకటే ధ్యాస. అత్తకి ఆ ఆపరేషన్ ఎలాగైనా అవ్వాలి.

నాలుగేళ్ళు మందుల మీదే గడిచాయి. ఆ తర్వాత ఒక రోజు పేపర్లో ఆ వార్త వచ్చింది. తెల్ల రేషన్ కార్డున్నవాళ్ళకి పెద్ద పెద్ద ఆపరేషన్లు ఉచితంగా చేయిస్తారు, ఖర్చు సర్కారు పెట్టుకుంటుంది, ఆపరేషన్ ప్రైవేటు ఆస్పత్రుల్లో జరుగుతుంది. గుండె జబ్బులకి కూడా అని రాశారు. ఆ వాక్యం రెండుసార్లు చదివాను. మా ఇంట్లో ఉన్నది తెల్ల కార్డే. అక్కడితో పేపరు మడిచి ఇంటికి పరిగెత్తి ఆవిడకి చెప్పి ఉంటే ఎంత బాగుండేది! కాని నేను పేపరు మడిచే రకాన్ని కాదు.

షావుకారుగారు అప్పటికే కుర్చీలోంచి ముందుకి వంగారు.

“ఏవండి, నేనెప్పట్నించో చెప్తన్నది అదేనా కాదా అండి? ఒప్పుకోండి గుమాస్తాగారూ. ఇప్పుడైనా ఒప్పుకోండి.”

ఆ నవ్వు చూసేసరికి నాకెక్కడ కాలాలో అక్కడ కాలింది. రెండు పేజీల వార్తని పక్కన పడేసి లేచి నిలబడ్డాను.

“ఇది వైద్యం కాదండీ, బిచ్చం. మన ఆస్పత్రిని గాలికొదిలేసి, ఆ సొమ్మంతా పట్నంలో అద్దాల మేడలకి పోస్తన్నారండీ. రేపు చూడండి, ఇక్కడ జ్వరానికి మాత్రుండదు, అక్కడ గుండెకి కోత ఉంటాది. సిగ్గున్నవాడెవడూ ఆ కార్డట్టుకుని వాళ్ళ గుమ్మం ఎక్కడండీ!”

గునపాల చప్పుడు ఆగింది. పదేళ్ళలో అదే మొదటిసారి. ఒలుపువాళ్ళలో పెద్దాయన చేతిలో కాయ అలాగే పట్టుకుని, “బాగా చెప్పేరండీ, ఆయ్” అన్నాడు. షావుకారుగారు ఏమీ అనలేక పంచె సర్దుకున్నారు. ఆ పూటంతా నేను నేల మీద నడవలేదు.

ఆ సాయంత్రమే ఇంటికెళ్ళి రేషన్ కార్డు తీసి, అత్త పేరు సరిగ్గా ఉందో లేదో చూసుకున్నాను. రెండు వారాల్లో పక్క మండలంలో క్యాంపు పెడతారనీ, అక్కడ పరీక్ష చేసి ఆపరేషన్‌కి ఎంపిక చేస్తారనీ కనుక్కుని వచ్చాను. “వెళ్దాం, తయారుగా ఉండు” అన్నాను ఆవిడతో. ఆవిడ నా వైపు కాసేపు చూసి, “సరేరా” అంది. మాట మాటే, అవసరం అవసరమే. ఆ తేడా మా అత్తకి తెలీదా అనుకున్నాను.

క్యాంపు హైస్కూలు మైదానంలో. డాక్టర్లు పొద్దున్న ఎనిమిదికే వచ్చి కూర్చున్నారు. పరీక్షలు మొదలెట్టొచ్చు కదా? పెట్టకూడదు! ప్రారంభోత్సవం కావాలి. నాయకులు పదకొండింటికి వచ్చారు. దండలు వేసి, దీపం వెలిగించి, ఒకరి తర్వాత ఒకరు మైకందుకున్నారు. ఈ పథకం ఎవరి మానసపుత్రికో ఒకాయన గంటసేపు చెప్పాడు. దాన్ని ఎవరు అడ్డుకోవాలని చూశారో ఇంకొకాయన ముప్పావుగంట చెప్పాడు. కింద షామియానాలో గుండె జబ్బువాళ్ళు, మూత్రపిండాలు చెడినవాళ్ళు, నడవలేనివాళ్ళు చెమటలు కక్కుతూ చప్పట్లు కొట్టారు. మా అత్త కూడా కొట్టింది. కొట్టి, ఆయాసపడి, మళ్ళీ కొట్టింది.

“చప్పట్లెందుకు? ఊపిరి దాచుకో” అన్నాను.

“పాపం, అంత దూరం నుంచొచ్చేరు గదరా” అంది.

నాకు తిక్క రేగిపోయింది. వేదిక పక్కన బ్యాడ్జీ పెట్టుకుని తిరుగుతున్న ఒక కార్యకర్తని పట్టుకున్నాను. ఉపన్యాసాలు రోగులకా, రోగం లేనివాళ్ళకా అని అడిగాను. అతను నన్ను ఏ పార్టీ అన్నాడు. ఏ పార్టీ కాదన్నాను. అయితే కచ్చితంగా అవతలి పార్టీయే అన్నాడు. ఇక చూసుకోండి. రుసుముల దగ్గర మొదలెట్టి, బీమా మీదుగా, పది ఊళ్ళకో ఆస్పత్రి దాకా మొత్తం పదేళ్ళ చర్చా అతనికి అప్పజెప్పాను. చుట్టూ జనం చేరారు. జనం చేరితే నాకింకా ఊపు. మైకులో నంబర్లు పిలుస్తున్నట్టు వినపడుతూనే ఉంది. మాది ఎప్పుడో తర్వాత వస్తుందనుకున్నాను.

తిరిగొచ్చేసరికి అత్త లోపలికెళ్ళి బయటికి కూడా వచ్చేసింది. చేతిలో చీటీ ఉంది. అందులో మందుల పేర్లు రాసి, ఆరు నెలల తర్వాత మళ్ళీ చూపించుకోవాలని రాశారు. ఆపరేషన్ మాటే లేదు.

నేను లోపలికి పరిగెత్తాను. డాక్టరు ముందు ఇంకా చాలామంది ఉన్నారు. బల్ల దగ్గర పేర్లు రాసే నర్సమ్మ చీటీ చూసి గుర్తుపట్టింది.

“గుండెలో చప్పుడు తేడాగా ఉందని సార్ అడిగేరండి. ఆయాసం వస్తదా అంటే రాదండి అన్నారు మీ అత్తగారు. మెట్లెక్కగలరా అంటే ఎన్నైనా ఎక్కుతానండి అన్నారు. ఇదివరకు పరీక్షలేమన్నా చేయించేరా అంటే లేదండి అన్నారు. పైగా సార్ని, మీరు భోంచేసేరా బాబూ అని అడిగేరండి.”

కాకినాడ కవరు అత్త చేతిసంచిలోనే ఉంది. దానికి కట్టిన దారం కూడా విప్పలేదు. మళ్ళీ చూడమని ఆ నర్సమ్మని బతిమాలాను. వరస మళ్ళీ మొదటి నుంచీ అంది. మా వంతు రాకముందే నాలుగు దాటింది, డాక్టర్లు సామాను సర్దేశారు.

బస్సులో ఆవిడతో మాట్లాడలేదు. మాట్లాడితే అరుస్తానని నాకు తెలుసు. మా వైపు మనుషుల్ని ఎలా ఉన్నారని అడిగితే బాగానే ఉన్నామండి అనడం మర్యాద. ఒళ్ళు కాలిపోతున్నవాడు కూడా అదే అంటాడు. ఆ మర్యాద డాక్టరు దగ్గర కూడా ఒలకబోసిందని నేను అనుకున్నాను. అనుకుని ఊరుకున్నానా, మర్నాడు రాశి దగ్గర దాన్నే కథగా చెప్పాను. డాక్టర్ని భోంచేశారా అని అడిగిందన్న దగ్గర ఒలుపువాళ్ళు పడీ పడీ నవ్వారు. “చూశారాండీ, మన ఊళ్ళో మన డాక్టరే ఉంటే మొహం చూసి చెప్పేవాడు. ముక్కూమొహం తెలీని డాక్టరుకి ఏం చెప్తారండీ మన ఆడాళ్ళు?” అని దాన్ని కూడా షావుకారుగారి మీదకే తిప్పాను. ఆ రోజు అత్త దడి పక్కనే ఉంది. నాకు తెలుసు, మజ్జిగ తెచ్చి ఇచ్చింది కూడా.

మళ్ళీ క్యాంపు పెట్టినప్పుడు చూపిద్దాంలే అనుకుని ఊరుకున్నాను గాని, ఆరు నెలలు ఆగలేకపోయాం. శ్రావణం వచ్చేసరికి కాళ్ళు వాచాయి. పడుకుంటే ఊపిరాడక గోడకి ఆనుకుని కూర్చునేది. మా ఆవిడ ఆ క్యాంపు చీటీ తెచ్చి నా ముందు పడేసి, “ఈసారి నోరు మూసుకుని ఆవిడ పక్కన కూర్చోండి, చాలు” అంది. కార్డూ కవరూ పట్టుకుని కాకినాడ వెళ్ళాం. నేను నిజంగానే నోరు మూసుకుని పక్కన కూర్చున్నాను. ఆయాసం ఎంతో, ఎన్నాళ్ళనించో అంతా నేనే చెప్పాను. డాక్టరు రెండు రోజులు పరీక్షలు చేయించి నన్ను గదిలోకి పిలిచాడు. పథకంలో చేయించడానికి ఇబ్బందేమీ లేదట. మనిషే తట్టుకోదట. ఊపిరితిత్తుల మీద ఒత్తిడి బాగా పెరిగిపోయిందనీ, ఇప్పుడు బల్ల ఎక్కిస్తే దించలేమనీ చెప్పాడు. “నాలుగైదు నెలల ముందు తెచ్చుంటే చేసేవాళ్ళం” అన్నాడు. ఎందుకు తేలేదని కూడా అడిగాడు. నేను కాగితాలన్నీ మళ్ళీ కవరులో సర్దుకున్నాను.

తిరుగు ప్రయాణంలో గోదావరి దాటడానికి కోటిపల్లి రేవులో పంటు ఎక్కాం. వరద నీళ్ళు ఎర్రగా ఉన్నాయి. అత్త మోటారు సైకిళ్ళ మధ్యన నేను వేసిన తువ్వాలు మీద కూర్చుంది. ఇన్నాళ్ళూ ఆపుకున్నది అక్కడ ఆగలేదు.

“ఆ రోజు ఉన్నది ఉన్నట్టు చెప్తే ఏం పోయేదత్తా? ఆ డాక్టరేమన్నా మన వియ్యంకుడా, మర్యాద చెయ్యడానికి? భోంచేశారా అట! నీ మర్యాద తగలెయ్య!”

పంటులో వాళ్ళు చూస్తున్నారు. ఆవిడ కొంగు సర్దుకుని, ఊపిరి తీసుకుని, మెల్లిగా అంది.

“మర్యాదక్కాదురా. రాశి కాడ నువ్వన్నావు గదా, సిగ్గున్నోడెవడూ ఆ కార్డట్టుకుని గుమ్మం ఎక్కడని. అంతమందీ విన్నారు. షావుకారుగారు కూడా ఏం అనలేకపోయేరు. నేను పోయి ఆ కార్డు మీదే కోయించుకొస్తే, రేపు నీ మాటెవరు వింటారు?”

“మరి నాతో క్యాంపుకెందుకొచ్చేవు?”

“నువ్వు రమ్మన్నావు గదా. వచ్చేను.”

 కోపం వచ్చిందంటే నమ్ముతారా? ముందు కోపమే వచ్చింది. ఎవరైనా ఇంత పిచ్చిగా ఆలోచిస్తారా అనిపించింది. నా మాటకి నేనే అంత విలువ ఇవ్వలేదే! అన్న సాయంత్రమే కార్డు తీసి చూసుకున్నవాణ్ణి. అది వాదన కోసం అన్నాను, షావుకారుగారి నోరు మూయించడం కోసం అన్నాను, నీ కోసం కాదు అని చెప్పాలనుకున్నాను. చెబితే మటుకు ఏం లాభం? ముక్తేశ్వరం రేవు వచ్చేసింది. ఆవిడ్ని రెండు చేతులా పట్టుకుని దింపాను. బాగా తేలికైపోయింది మనిషి.

మాఘంలో పోయింది. పగటిపూట, దడి పక్కన పీట మీద కూర్చునే.

మూడో రోజు షావుకారుగారు పలకరింపుకి వచ్చారు. వెనకాల ఒలుపువాళ్ళంతా వచ్చి అరుగు కింద నిలబడ్డారు. ఆయన నిజంగా బాధపడ్డారు, కళ్ళు తుడుచుకున్నారు. మా ఆవిడ ఇచ్చిన మంచినీళ్ళు తాగారు. తర్వాత ఆయనే, ఏదో ఒకటి అనాలి కాబట్టి అన్నట్టుగా, “ఆ ఆపరేషన్ అయ్యుంటే బతికేవారండి మహాతల్లి. ఆ పథకం అలాంటివాళ్ళ కోసమే గదండి పెట్టింది” అన్నారు.

అందులో వాదనేమీ లేదు. ఓదార్పుగానే అన్నారు. అవునండి అని తలూపితే సరిపోయేది.

“అదేనండీ నేననేది” అన్నాను నేను. “కాళ్ళు లాగేసేలా కాకినాడ తిప్పడమెందుకండీ? మన ఊళ్ళోనే ఆస్పత్రి సరిగ్గా ఉండుంటే, ఇరవయ్యేళ్ళ కిందటే కనిపెట్టేవాళ్ళు గదండీ ఆ జబ్బుని!” అక్కణ్ణించి మొదలెట్టాను. కీళ్ళ జ్వరానికి చిన్నప్పుడే మందు పడి ఉంటే ఆపరేషనే అక్కర్లేదన్నాను. ఆ మందు మా ఆస్పత్రిలో ఏనాడూ లేదన్నాను. కోతకి సొమ్ముంది గాని మాత్రకి లేదా అన్నాను. గొంతు పెరుగుతోందని నాకు తెలుస్తూనే ఉంది. ఒలుపువాళ్ళు చేతులు కట్టుకుని వింటున్నారు. షావుకారుగారు తలొంచుకుని చాలాసేపు విని, “మీరన్నదే రైటండి గుమాస్తాగారూ” అన్నారు.

పదేళ్ళలో ఆయన నాతో ఒప్పుకున్నది ఆ ఒక్కసారే. అయినా నేను ఆపలేదు. మా ఆవిడ లోపల్నించి వచ్చి, నా చెయ్యి పట్టుకుని అరుగు మీంచి లేవదీసేదాకా మాట్లాడుతూనే ఉన్నాను.